సబీనా వ్రోనా పాత బాకీ

రాదోమ్‌లో మా పోస్టాఫీసు చెప్పుల ఫ్యాక్టరీ గోడ వెనక ఉంటుంది. ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది, గోడ మాత్రం ఇంకా నిలబడే ఉంది. మూడో కౌంటర్లో నేను పాతికేళ్ళుగా కూర్చుంటున్నాను. పెన్షన్లు, గ్యాసు బిల్లులు, మనియార్డర్లు, రిజిస్టరు ఉత్తరాలు, అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఈ మధ్య సాక్సులూ, దేవుడి పటాలూ కూడా మా చేతే అమ్మిస్తున్నారు. చుట్టుపక్కల వీధుల్లో ఎవరికి ఏ ఉత్తరం వస్తుందో, ఎవరు ఏ ఉత్తరానికి భయపడి రారో చూస్తుంటే తెలిసిపోతుంది.

సబీనా వ్రోనా నాకు అలా కౌంటర్ దగ్గర పరిచయమైన మనిషే. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దది. ఆ చెప్పుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు బూట్ల పైతోలు కుట్టింది. అది మూతపడ్డాక ఒక బడి వంటింట్లో చేరి, మూడు వందల మంది పిల్లలకు సూపు వండింది. తల్లి పోయేనాటికి సబీనాకు పంతొమ్మిది, తమ్ముడు లుద్విక్‌కు తొమ్మిది. వాణ్ణి తనే పెంచింది. పెళ్ళి మాట ఒకటి రెండుసార్లు వచ్చినా, వాడి చదువు అవనీ అంది. వాడి చదువు అయ్యేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళు లేకపోయారు. ఈ సంగతి ఆవిడ దిగులుగా చెప్పలేదు. బస్సు తప్పిపోయింది, నడిచి వచ్చాను అన్నట్టు చెప్పింది.

రెండువేల ఏడులో సూపర్‌మార్కెట్ గుమ్మంలో ఒక బ్యాంకు వాళ్ళు బల్ల వేసుకుని క్రెడిట్ కార్డులు ఇచ్చారు. నెల జీతం ఉన్నవాళ్ళు సంతకం పెడితే చాలు. సబీనా పెట్టింది. కార్డు ఆరు నెలలు సొరుగులో పడి ఉంది. ఆ తర్వాత లుద్విక్ వచ్చాడు. జర్మనీ నుంచి పాత వ్యాను ఒకటి దొరుకుతోంది, బేకరీ నుంచి కొట్లకు రొట్టెలు చేరవేస్తాను, ఎనిమిది వేల జ్లోటీలు తగ్గాయి అన్నాడు. సబీనా ఆ కార్డుతో నాలుగు రోజులు వరసగా ఏటీఎం దగ్గరికి వెళ్ళి, రోజుకు రెండేసి వేలు తీసి, కవరులో పెట్టి తమ్ముడికి ఇచ్చింది.

ఏడాదిన్నర పాటు వ్యాను తిరిగింది, లుద్విక్ నెలకు రెండు వందలు తెచ్చి ఇచ్చాడు. తర్వాత పెద్ద కొట్లు రొట్టెలు తామే కాల్చుకోవడం మొదలుపెట్టాయి. బేకరీ తగ్గింది, వ్యాను ఇంజను పోయింది, రెండు వందలూ ఆగిపోయాయి. సబీనా మాత్రం తన పన్నెండు వందల జీతంలోంచి కడుతూనే వచ్చింది. కట్టినదంతా వడ్డీకే సరిపోయేది.

రెండువేల తొమ్మిది క్రిస్మస్ ముందురోజు సాయంత్రం భోజనాల దగ్గర, కాస్తయినా సర్దలేవా అని తమ్ముణ్ణి అడిగింది.

"నేనేమన్నా నిన్ను సంతకం పెట్టమన్నానా?" అన్నాడు లుద్విక్.

సబీనా అతని పళ్ళెం దగ్గరికి తీసుకుంది. చేప ముక్క వడ్డించింది. వెళ్ళేటప్పుడు మిగిలింది డబ్బాలో పెట్టి ఇచ్చింది కూడా. లుద్విక్ మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. ఒకే ఊళ్ళో, నాలుగు బస్సు స్టాపుల దూరంలో ఉంటూ ఆరేళ్ళు మాట్లాడుకోలేదు.

రెండువేల పది మార్చిలో సబీనా తుంటి ఎముక పాడైంది. మూడు నెలలు మంచం మీద ఉంది. కార్డుకు కట్టడం అక్కడితో ఆగింది. జూలైలో బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. ఒప్పందం రద్దయింది, మొత్తం ఒకేసారి కట్టాలి అని. ఆవిడ దగ్గర ఆ మొత్తం లేదు. ఉత్తరాన్ని మడిచి, కార్డు ఉన్న సొరుగులోనే పెట్టింది.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. రోజుకు ఆరేడు. కొన్నాళ్ళకు బ్యాంకు ఆ బాకీని ఎవరో వసూళ్ళ కంపెనీకి అమ్మేసింది. ఆ కబురు ఆవిడే కౌంటర్ దగ్గర చెప్పింది.

"నన్ను ఎవరో కొనుక్కున్నారట, వాండా."

"ఎంతకి?"

"చెప్పలేదు. నన్నడిగితే ఇంకా తక్కువకే ఇచ్చేదాన్ని."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ చిల్లర అందుకుంటున్నప్పుడు ఆవిడ కళ్ళ కింద నలుపు చూశాను. ఫోను మోగకపోయినా మోగినట్టు వినిపిస్తోందని ఆ రోజే చెప్పింది.

రెండువేల పదిహేను అక్టోబరులో ఆ కంపెనీ మనిషి నేరుగా ఇంటికే వచ్చాడు. మంచి కోటు, మంచి మాట. గుమ్మంలో కాళ్ళపట్టా మీద బూట్లు తుడుచుకుని మరీ లోపలికి వచ్చాడట. సబీనా టీ ఇచ్చింది. అతను ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. నెలకు వంద చొప్పున కడతాను, ఈ బాకీ నాదేనని ఒప్పుకుంటున్నాను అని ఉంది అందులో. ఆవిడ కాగితాన్ని మెల్లగా అతని వైపే జరిపింది.

"ఒకసారి సంతకం పెట్టాను బాబూ. దాన్నుంచే ఇంకా తేరుకోలేదు."

అందులో తెలివేమీ లేదు. అలసట అంతే. ఆ అలసటే తర్వాత ఆవిణ్ణి కాపాడింది.

మరుసటి ఏప్రిల్లో కోర్టు నుంచి ఆవిడ పేరున రిజిస్టరు ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఉండి కూడా తలుపు తియ్యలేదని మా పోస్టుమ్యాను చీటీ వేసి వచ్చాడు. వారం తర్వాత రెండో చీటీ వేశాడు. గ్యాసు బిల్లు కట్టడానికి వచ్చినప్పుడు నేనే కదిలించాను.

"సబీనాగారూ, మీ ఉత్తరం నా వెనక అలమరలో ఉంది. ఎల్లుండి దాకే ఉంచుతాం."

"ఉంచకపోతే?"

"వెనక్కి పోతుంది. పోయినా మీకు అందినట్టే లెక్క. తీసుకుంటే పద్నాలుగు రోజులు మీ చేతిలో ఉంటాయి. తీసుకోకపోతే అవి కూడా ఉండవు."

ఆవిడ గ్యాసు బిల్లును రెండు మడతలు పెట్టింది. వెనక లైన్లో ఎవరో దగ్గారు. అప్పుడు సంతకం పెట్టి తీసుకుంది. కౌంటర్ దగ్గరే చింపింది. పదిహేను వేల తొమ్మిది వందల జ్లోటీలూ, ఖర్చులూ రెండు వారాల్లో కట్టాలి, లేదా అభ్యంతరం రాసి పంపాలి. కోర్టు ఉత్తర్వు అది.

"అభ్యంతరమని ఏం రాస్తాను? తీసుకున్నది నిజమేగా," అంది.

అరవై అయిదు దాటినవాళ్ళకు మున్సిపల్ ఆఫీసులో మంగళవారాలు ఉచితంగా లాయరు సలహా ఇస్తున్నారని నాకు తెలుసు, ఆ కాగితం మా గోడకే అంటించి ఉంది. ఆవిడ ఒంటరిగా వెళ్ళదని కూడా తెలుసు. ఆ మంగళవారం నాకు మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్నే వెంటబెట్టుకుని వెళ్ళాను.

లాయరు పేరు యులీతా. ముప్పై దాటి ఉండదు. కాగితాలు చదువుతూ తేదీలు మాత్రమే అడిగింది.

"ఆఖరిసారి ఎప్పుడు కట్టారు?"

"రెండువేల పది మార్చిలో."

"ఒప్పందం రద్దయిన ఉత్తరం?"

"అదే ఏడు జూలై. తెచ్చాను."

యులీతా వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఇలాంటి బాకీకి కోర్టుకెళ్ళే గడువు మూడేళ్ళు. అది రెండువేల పదమూడు జూలైతో అయిపోయింది. వాళ్ళు కేసు వేసింది ఈ ఫిబ్రవరిలో. కానీ అమ్మా, గడువు దాటిన సంగతి కోర్టు తనంతట తాను పట్టించుకోదు. మీరే చెప్పాలి. చెప్పకపోతే ఈ ఉత్తర్వే ఖాయమవుతుంది, మీ పెన్షన్లో నాలుగో వంతు నెలనెలా పట్టేసుకుంటారు."

సబీనా చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "టైమైపోయింది కాబట్టి ఇవ్వనని రాయాలా? అది దొంగలు మాట్లాడే మాటలా లేదూ?"

"మీరు ఇప్పటిదాకా ఎంత కట్టారు?"

"నాలుగు వేల చిల్లర. రసీదులున్నాయి."

"మీకు డబ్బిచ్చిన బ్యాంకు ఈ బాకీని ఎప్పుడో వదిలించుకుంది. ఇప్పుడు అడుగుతున్నవాళ్ళు మీకు ఒక్క జ్లోటీ ఇచ్చినవాళ్ళు కాదు. మిమ్మల్ని అబద్ధం రాయమనట్లేదమ్మా. తేదీలు రాయమంటున్నాను. అవి నిజాలే."

"మరి మీరే రాసిపెట్టండి."

"కోర్టులో నడుస్తున్న కేసుకి నేను ఇక్కడ కూర్చుని రాయకూడదు, రూలు ఒప్పుకోదు. నేను చెబుతాను, మీరు రాసుకోండి."

సబీనా నాలుగు వాక్యాలు రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. బయట వరండాలో ఇంకా ఆరుగురు ఎదురు చూస్తున్నారు. యులీతా తొందరపెట్టలేదు. కాగితం సంచిలో పెట్టుకున్న సబీనా దాన్ని తొమ్మిది రోజులు పంపలేదు. పదమూడో రోజు పోస్టాఫీసు మూసే ముందు వచ్చి నా ముందు పెట్టింది.

"ముద్ర గట్టిగా కొట్టు, వాండా. మళ్ళీ నా మనసు మారేలోపు."

గట్టిగానే కొట్టాను.

ఇంతటితో అయిపోతుందనుకున్నాం. జూన్లో అవతలి పక్షం జవాబు వచ్చింది. బాకీదారు తన అప్పును ఒప్పుకుని కిందటి నవంబరు, డిసెంబరు, ఈ జనవరిలో వందేసి జ్లోటీలు కట్టింది, కాబట్టి గడువు మాట ఎత్తే హక్కును తానే వదులుకుంది అని రాశారు. మూడు చెల్లింపు చీటీల నకళ్ళు జత చేశారు. మూడింటి మీదా కట్టినవారి పేరు సబీనా వ్రోనా. మూడింటి మీదా మా పోస్టాఫీసు ముద్ర ఉంది.

సబీనా వాటిని తెచ్చి కౌంటర్ మీద పరిచింది. చూడగానే గుర్తుపట్టాను.

"ఇది నీ కౌంటరే కదా," అంది మెల్లగా. "నేను కట్టానా? నిజం చెప్పు. రాత్రంతా ఆలోచించాను. గుర్తు రావట్లేదు. మా మేనత్తకీ ఇలాగే మొదలైంది. పాలు తెచ్చి, తేలేదనేది."

ఎవరు కట్టారో చెప్పే అధికారం నాకు లేదు. ఉద్యోగంలో చేరిన రోజు దాని మీద సంతకం పెట్టాను. పాతికేళ్ళలో ఒక్కసారీ మీరలేదు.

"ఎవరు ఏం కట్టారో నేను చెప్పకూడదు సబీనాగారూ. కానీ మీకు మతిమరుపు రాలేదు. అంతవరకు చెప్పగలను."

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కాగితాలు సర్దుకుంది.

నవంబరులో ఆ మొదటి చీటీ రాసింది లుద్విక్. టైర్ల నలుపు గోళ్ళలో అలాగే ఉంది. అక్క పేరు, అక్క చిరునామా, తన చేతిరాతతో. వేరేవాళ్ళ పేరున కట్టొచ్చా అని అడిగాడు. ఎవరు తెచ్చినా డబ్బు డబ్బే అన్నాను నేను. ఆ మాట అన్నప్పుడు అదొక పెద్ద విషయమని తోచలేదు.

రూలు ప్రకారం సబీనాకు నేను చెప్పలేను. లుద్విక్ కట్టిన సంగతి లుద్విక్‌కే చెప్పడానికి ఏ రూలూ అడ్డం రాదు. శనివారం డ్యూటీ దిగి అతను పనిచేసే టైర్ల షెడ్డుకు వెళ్ళాను. యాభై ఆరేళ్ళ మనిషి, జాకీ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఆ మూడు వందలు ఎందుకు కట్టావయ్యా?"

అతను లేవలేదు. "ఆ కోటువాడు నా దగ్గరికీ వచ్చాడు. అక్క ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సి వస్తుందన్నాడు. ఎవరైనా నెలకి వంద కడుతుంటే ఆ అవసరం ఉండదన్నాడు. కడుతున్నానని అక్కకి చెప్పొద్దన్నాను. ఫిబ్రవరిలో చేతిలో లేక ఆపేశాను."

ఆ కాగితాలు కోర్టులో ఏం చేస్తున్నాయో చెప్పాను. అతని చేతిలో ఉన్న బోల్టు విప్పే పానా అలాగే ఆగిపోయింది.

"అంటే నా వల్ల..."

"నీ వల్లే. ఇప్పుడు నువ్వే వెళ్ళి నువ్వు కట్టానని చెప్పాలి."

"ఆరేళ్ళయింది ఆ గుమ్మం ఎక్కి. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"మొహం సంగతి తర్వాత. నోరు తీసుకెళ్ళు, అది చాలు."

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక వెళ్ళాడట. తర్వాత జరిగింది సబీనా చెప్పింది. తలుపు తీసి, మనిషిని చూసి, "కాళ్ళు తుడుచుకో," అంది. అతను నడవలోనే నిలబడి, టోపీ చేతిలో నలుపుకుంటూ అంతా చెప్పాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది.

"నువ్వు నాకు సాయం చేసినప్పుడల్లా నాకు ఖర్చే, లుద్విక్."

అతను తల వంచుకున్నాడు. కొంతసేపటికి ఆవిడ లేచి, ఊరేసిన దోసకాయల సూపు వేడిచేసింది. అతను రెండు గిన్నెలు తాగాడు. క్రిస్మస్ మాట ఇద్దరూ ఎత్తలేదు.

సెప్టెంబరులో కేసు విచారణకు వచ్చింది. ఆ అంతస్తులో ఆ పొద్దున ఇలాంటివే పదకొండు కేసులున్నాయి. వరండా బెంచీ మీద మా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయన ఉత్తరం పాత చిరునామాకు వెళ్ళి, తిరిగిపోయి, ఉత్తర్వు ఖాయమైపోయాక తెలిసిందట. ఇప్పుడు అదంతా మళ్ళీ తెరిపించమని తిరుగుతున్నాడు. "మీది నయం," అన్నాడు సబీనాతో. ఆవిడ ఆయనకు పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చింది.

లోపల న్యాయమూర్తికి జలుబు చేసి ఉంది. వసూళ్ళ కంపెనీ తరఫున ఒక కుర్ర లాయరు వచ్చి, చేతిలో ఫైళ్ళ కట్టలోంచి మా ఫైలు వెతుక్కున్నాడు. చీటీలు చూపించి, కట్టడమంటే అప్పు ఒప్పుకున్నట్టే అన్నాడు. న్యాయమూర్తి సబీనాను అడిగింది.

"ఇవి మీరు కట్టారా?"

"లేదండీ. నాకు జూన్లోనే తెలిసింది."

లుద్విక్‌ను పిలిచారు. ఉన్నవాటిలో మంచి జాకెట్టు వేసుకొచ్చాడు. చీటీల మీద రాత తనదేనన్నాడు. అక్కడే ఒక కాగితం మీద రాయించి పోల్చి చూసింది న్యాయమూర్తి.

"కడుతున్నట్టు మీ అక్కకి తెలుసా?"

"తెలీదండీ. తెలిస్తే కట్టనిచ్చేది కాదు."

"మరి మీరెందుకు కట్టారు?"

అతను జాకెట్టు బొత్తాం విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. గుమాస్తా కంప్యూటరు మీద వేళ్ళు పెట్టి ఎదురు చూస్తోంది.

"ఆ డబ్బు వాడుకున్నది నేను కాబట్టి," అన్నాడు చివరికి. "ఆవిడ నాకోసం తీసింది. సంతకం ఆవిడది, అప్పు నాది."

గుమాస్తా అది టైపు చేసింది. సబీనా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. తొమ్మిదేళ్ళుగా ఆవిడ ఎదురు చూసిన మాట అది. ఇంట్లో అనాల్సింది కోర్టులో, ముక్కు చీదుకుంటున్న పరాయి మనిషి ముందు, రికార్డు కోసం చెప్పించుకోవాల్సి వచ్చింది.

మొత్తం ఇరవై నిమిషాలు. దావా కొట్టేశారు. గడువు దాటిపోయింది, బాకీదారుకు తెలియకుండా ఇంకొకరు కట్టింది ఆమె ఒప్పుకోలు కాదు అని న్యాయమూర్తి చదివింది. కుర్ర లాయరు తల ఊపి, తర్వాతి ఫైలు పైకి తీసుకున్నాడు. వాళ్ళు అప్పీలుకు వెళ్ళలేదు.

బయట మెట్ల మీద లుద్విక్, "గెలిచావక్కా," అన్నాడు.

"ఏం గెలిచాను? ఆ బాకీ ముసలిదైపోయింది, నేనూ ముసలిదాన్నైపోయాను. అంతే," అంది సబీనా. తుంటి నొప్పి పెడుతోందని మెట్ల అంచు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది. అతను చెయ్యి ఇచ్చాడు. ఆవిడ పట్టుకుంది.

ఫోన్లు పూర్తిగా ఆగలేదు. కోర్టు కట్టక్కర్లేదన్నంత మాత్రాన వాళ్ళు అడగకూడదని లేదు. మరో కంపెనీ కొనుక్కుందట. అప్పుడప్పుడు ఎవరో పిల్ల గొంతు మర్యాదగా, మీకోసం ప్రత్యేకమైన తగ్గింపు ఉందండీ అంటుంది. సబీనా కోర్టు కాగితం తెచ్చుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కేసు నంబరు ఒక్కో అంకె చదివి వినిపిస్తుంది. "రాసుకున్నావా అమ్మాయ్? ఇంకోసారి చదవమంటావా?" అంటుంది. అవతల ఫోను పెట్టేస్తారు. ఆ తర్వాత గంటసేపు ఆవిడకు ఏ పనీ చేయబుద్ధి కాదు.

లుద్విక్ నెల మొదటి శనివారం వంద జ్లోటీలు పట్టుకుని వస్తున్నాడు. మొదటిసారి ఆవిడ తీసుకోలేదు. రెండోసారి తీసుకుంది. ఒకరోజు కౌంటర్ దగ్గర నేను ఉండబట్టలేక అడిగాను.

"మీ తమ్ముడి బాకీకీ గడువు ఎప్పుడో అయిపోయింది కదా. మరి ఎందుకు తీసుకుంటున్నారు?"

"నేను అడగట్లేదుగా," అంది. "వాడే తెస్తున్నాడు. అడిగి తీసుకున్నదైతే వేరే సంగతి."

గ్యాసు బిల్లు ముందుకు తోసింది. ముద్ర వేసి ఇచ్చాను. రసీదు మడిచి పర్సులో పెట్టుకుని, పక్కకు జరిగి, తర్వాతి మనిషికి దారి ఇచ్చింది.